పది మంది ముందు పరాచికం

ఈ వారం ఉత్తరాలు చాలావరకు గ్రూపుల లొల్లి గురించే వచ్చాయి. చిన్నప్పటి దోస్తుల గ్రూపు, ఊరి గ్రూపు, ఆఫీసు గ్రూపు, సాహిత్యం గ్రూపు. అందులోంచి నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మేము నల్లగొండలో హాస్టల్లో ఉండి పదో తరగతి కలిసి చదువుకున్నవాళ్లం. ఇప్పుడు మా బ్యాచ్‌కి వాట్సాప్ గ్రూపు ఉంది, నేనే అడ్మిన్‌ని. కాల్వ కింది ఊళ్ల వాళ్లు, మెట్ట ఊళ్ల వాళ్లు ఒకరినొకరు ఎక్కిరించుకోవడం మాకు హాస్టల్ రోజుల నుంచీ అలవాటే. మొన్న మునుగోడు వైపు దోస్తు తన బిడ్డ ఎంగేజ్‌మెంట్ ఫొటో పెట్టాడు. దాని కింద మా మిర్యాలగూడ దోస్తు ఒకడు "నువ్వు నోరు మూసుకొని దిగురా, పళ్లు కనపడితే కెమెరా ఖరాబైతది" అని రాశాడు. అందరం నవ్వే బొమ్మలు పెట్టాం. గంట తిరక్కముందే ఆ దోస్తు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మిగతావాళ్లు రెండు జట్లయ్యారు. "ఇంత చిన్నదానికి అలుగుతడా" అని కొందరు, "గ్రూపులో అందరి ముందు సారీ చెప్పాల్సిందే" అని కొందరు. ముప్పై ఏళ్లుగా అనుకునే మాటే కదా, ఇప్పుడు ఎందుకు నొచ్చుకున్నాడు?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, నేను మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్ల ఊళ్లలో, మర్రిగూడ, నాంపల్లి మండలాల బడుల్లో చాలా కాలం తెలుగు చెప్పాను. అక్కడి పిల్లలకు నవ్వొస్తే ముందు చెయ్యి నోటి మీదికి పోయేది, నవ్వు ఆ తర్వాత వచ్చేది. బడిలో ఫొటో దిగే రోజున ఫొటోగ్రాఫరు "నవ్వండి" అనగానే ముందు వరసలో కూర్చున్న ఆడపిల్లలు పెదవులు ఇంకా గట్టిగా బిగబట్టేవారు. ఆ ఫొటోలు ఇప్పుడు చూసినా ఒక్క పిల్ల పన్ను కనపడదు. మీ దోస్తు అలాంటి బడిలోంచే మీ హాస్టల్‌కి వచ్చి ఉంటాడు.

తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో పెట్టుకున్న హద్దు. ఆ ఊళ్ల బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఆ నీళ్లు తాగిన పిల్లలకు పంటి మీద పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. అది బ్రష్షుకు పోయే గార కాదు. పంటితో పాటే పుట్టిన మచ్చ. కొందరికి అది పళ్లతో ఆగక ఎముకల దాకా పోయింది. మీ మిర్యాలగూడ దోస్తు పుట్టేసరికే అతని ఊరి పక్కన సాగర్ ఎడమ కాల్వ పారుతోంది, ఆ నీళ్లు వదిలింది 1967లో. మునుగోడు దోస్తు తాగింది బోరు నీళ్లు. ఇంటింటికీ మంచినీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి చౌటుప్పల్‌లో పైలాన్ లేచింది 2015లో. అప్పటికి మీ బ్యాచ్ వాళ్లు పిల్లల తండ్రులు. ఒకే జిల్లాలో పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకడికి కృష్ణా నీళ్లు, ఇంకొకడికి ఆ బోరు. ఇందులో వాడి తప్పు ఏముంది, వీడి గొప్ప ఏముంది?

అయినా హాస్టల్లో ఆ మాట నడిచింది అంటున్నారు, నిజమే అయి ఉంటుంది. హాస్టల్ గదిలో ఉండేది ఐదారుగురు. వీడు పళ్ల మీద ఒకటి అంటే వాడు వెంటనే "కాల్వ పక్కన పుట్టి ఈత రానోడివి నువ్వు" అని ఒకటి తగిలించేవాడు. వంతు తిరిగేది. రాత్రికి ఒకే కంచంలో తినేవాళ్లు. ఎంగేజ్‌మెంట్ ఫొటో కింద వంతు తిరగదు. అక్కడ అతను మీ దోస్తు మాత్రమే కాదు, పెళ్లికూతురి తండ్రి. తిరిగి ఎక్కిరిస్తే బిడ్డ ఫొటో కింద తనే లొల్లి పెట్టినట్టు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. ఇంకేం మిగిలింది అతనికి? లేచి పోవడమే.

ఇంకోటి కూడా ఉంది, మీకు తెలియనిది కాదు. ఫ్లోరైడు ఊళ్లకు పిల్లనివ్వడానికి, అక్కడి పిల్లను చేసుకోవడానికి జనం వెనకాడిన రోజులు మన జిల్లా చూసింది. అలాంటి ఊళ్లో ఒక తండ్రి బిడ్డకు సంబంధం కుదిరింది. ఆ సంతోషంతో మొదటిసారి నోరారా నవ్వి ఫొటో దిగాడేమో! దాని కింద ఆ మాట. రాసింది ఒక్కడే, కానీ నవ్వే బొమ్మలు పెట్టింది మీరంతా. అతన్ని ఎక్కువ పొడిచింది ఆ బొమ్మల వరసేనని నా నమ్మకం. "అరేయ్, ఇవాళ వద్దురా" అని ఒక్కడన్నా రాసి ఉంటే అతను అక్కడే ఉండేవాడు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. అడ్మిన్‌గా ఎవరు పెట్టిన మెసేజ్‌నైనా అందరికీ కనపడకుండా తీసేసే వీలు మీకుంది. తీసేసే గడువు దాటి ఉండకపోతే ఆ మాటను ఇవాళే తీసేయండి, ఫొటోను ఉంచండి. గ్రూపులో సారీ చెప్పించకండి. పది మంది ముందు సారీ చెబితే పది మంది ముందు "పర్లేదులే" అనక తప్పదు, అది అతని మీద ఇంకో బలవంతం. మిర్యాలగూడ దోస్తును మునుగోడు బస్సెక్కించండి. ఇంట్లో శుభకార్యం జరిగింది కాబట్టి పోవడానికి దారి ఉంది. బిడ్డకు చీర, పండ్లు పట్టుకుని భార్యతో కలిసి వెళ్లమనండి. "ఆ మాట అనకుండా ఉండాల్సిందిరా" అని ఒక్కసారి చెబితే చాలు. "సరదాకే అన్నా" అనే ముక్క మాత్రం గడప బయటే వదిలి వెళ్లమనండి. మీరు వెంట వెళ్లకండి. మూడో మనిషి ఉంటే అది పంచాయితీ అవుతుంది. నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లు ఎవరికి వారు ఫోన్ చేసి బిడ్డ గురించి అడగండి, పెళ్లి ఎప్పుడని అడగండి. గ్రూపు లింకు మాత్రం మీరై పంపొద్దు. అతను అడిగిన రోజు పంపండి.

రెండు జట్ల సంగతికి వస్తే, అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు మార్చి రెండు రోజులు ఊరుకోండి. వాళ్లు అతని కోసం కొట్లాడుకుంటున్నామనుకుంటున్నారు కానీ, ఆ గొడవ జరిగినన్ని రోజులు అతనికి ఒక్కరైనా ఫోన్ చేశారా?

ప్రశ్న: మేడమ్, మా ఊరి గ్రూపుకి నేను అడ్మిన్‌ని. రెండు పార్టీల వాళ్లు పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల మీద రోజూ మాటా మాటా అనుకుంటున్నారు. ఎవరేం రాసినా అడ్మిన్ మీదనే కేసు అవుతుందని మా బావ భయపెడుతున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. గ్రూపు మూసేయమంటారా?
— ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: మూసేయొద్దమ్మా. ఇంకొకరు రాసిన దానికి, అడ్మిన్ అయినంత మాత్రాన మీరు నేరస్తులు కారు. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో ఈ మాటే చెప్పాయి. ఆ మనిషితో కలిసి మీరూ పథకం వేస్తే, ఆ రాతను మీరే ఇంకో చోటికి పంపితే అప్పుడు సంగతి వేరు. మీ బావగారికి ఈ పేజీ చూపించండి.

ఎత్తిపోతల మీద వాదన గురించి నా అభిప్రాయం గట్టిదే. దాన్ని ఆపకండి. 2015 జూన్‌లో కరివెన దగ్గర శంకుస్థాపన జరిగింది, 2023 సెప్టెంబరులో నార్లాపూర్ దగ్గర మొదటి మోటరు తిరిగింది. ఆ మధ్య ఎనిమిదేళ్లు ఎందుకు పట్టింది, చేనుకు నీళ్లు ఎప్పుడొస్తాయి అని అడగడం ఊరివాళ్ల హక్కు. ముంబై దాకా వలస పోయి మట్టి మోసిన జిల్లా ఇది. ఇక్కడ నీళ్ల మాట వస్తే గొంతు పెరుగుతుంది, పెరగనివ్వండి.

మీరు ఆపాల్సింది పుకారును. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మన ఊళ్లలో వీడియోలు తిరిగాయి, గుర్తుందా? సాయంత్రమైతే జనం వాకిళ్లలో కూర్చోవడం మానేశారు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి కనపడితే కర్రలు లేచాయి. రాష్ట్రంలో, దేశంలో కొన్ని చోట్ల అమాయకుల ప్రాణాలే పోయాయి. అప్పుడు గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపారు, డప్పు కొట్టించి పాటలతో ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఫోన్లో వచ్చిన భయాన్ని రచ్చబండ దగ్గర పోగొట్టారు. అదే ఏడాది వాట్సాప్ కూడా మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

అందుకని మీ గ్రూపుకి ఒక్క నియమం పెట్టండి: ఎత్తిపోతల మీద ఎంతైనా వాదించుకోవచ్చు, ఫార్వర్డ్ మాత్రం పెట్టకూడదు. ఎవరి మాట వాళ్లు సొంతంగా టైపు చేయాలి. పక్క వీధి మనిషి మీద సొంత వేళ్లతో తిట్టు రాయాలంటే, రేపు పాలకేంద్రం దగ్గర అతని మొహం చూడాలి కదా అని గుర్తొస్తుంది. పార్టీ ఆఫీసు నుంచి వచ్చిన వీడియో పంపేటప్పుడు అలాంటిదేమీ గుర్తురాదు.

ప్రశ్న: పిల్లలమర్రి మా సూర్యాపేటది అని నేను, మహబూబ్‌నగర్‌ది అని మా ఆఫీసు గ్రూపులో ఇంకొకాయన. టీ పందెం కాశాం. తీర్పు మీదే.
— ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మీరు చెప్పే పిల్లలమర్రి ఒక ఊరు. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్ల నాటి ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలు అక్కడున్నాయి. ఆయన చెప్పే పిల్లలమర్రి మహబూబ్‌నగర్ దగ్గరి మర్రి మాను. ఏడు వందల ఏళ్లదని చెప్పే ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగితే, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి బొట్టు బొట్టుగా మందు ఎక్కించి కాపాడుకున్నారు. ఇద్దరూ గెలిచారు కాబట్టి ఆయన మీకు, మీరు ఆయనకు టీ ఇప్పించాలి. ఈ పందెం ఇక్కడితో ఆపకండి. పానగల్లు ఎవరిదని అడగండి. నల్లగొండ పక్కన ఒకటుంది, వనపర్తి వైపు ఒకటుంది. ఓడినవాడికి టీ డబ్బులు తప్ప ఏమీ పోని తగువులు గ్రూపులో ఎన్నుంటే అంత మంచిది.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఒక సాహిత్య గ్రూపులో ఉన్నాను. అందులో ఒక పెద్దాయన మాటిమాటికీ "మీ పాలమూరులో కరువు తప్ప కవులెక్కడయ్యా" అంటుంటారు. మొదట్లో నవ్వాను. మొన్న తట్టుకోలేక నోటికొచ్చినట్టు రాశాను. ఇప్పుడు అందరూ నన్నే తప్పు పడుతున్నారు. గ్రూపు వదిలేయాలనిపిస్తోంది.
— ఒక విద్యార్థి, వనపర్తి

జవాబు: వదలకు నాయనా. నీకు కోపం రావడం న్యాయమే. ఆయన పరాచికంలో కూడా వంతు తిరగడం లేదు, ప్రతిసారీ అనేది ఆయనే, పడేది నువ్వే. కానీ నువ్వు తిట్టిన తిట్టుతో ఆయన మాట పక్కకు పోయి నీ మాట ముందుకొచ్చింది.

ఇదే మాటకు మీ ప్రాంతం మనిషే ఒకసారి జవాబు చెప్పాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒక పండితుడు రాస్తే సురవరం ప్రతాపరెడ్డికి ఒళ్లు మండింది. ఆయనది ఇప్పటి గద్వాల జిల్లాలోని ఇటికాలపాడు. చేతిలో గోలకొండ పత్రిక ఉంది, కావాలంటే నెల రోజులు ఆ పండితుణ్ణి దులపొచ్చు. ఆయన కవులకు కబురు పెట్టాడు. ఊళ్ల నుంచి పద్యాలు, కవుల వివరాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశాడు. అందులో 354 మంది కవులు. ఇంక ఆ మాట మళ్లీ అనడానికి ఎవరికి నోరు వస్తుంది? ఆ పండితుడి పేరు ఇవాళ చాలామందికి గుర్తు లేదు, సంచిక మాత్రం మిగిలింది. తర్వాత 1952లో ఆయన్ను శాసనసభకు పంపింది కూడా మీ వనపర్తే.

నువ్వు ముందు ఆ తిట్టును తీసేయి. తీసేసే గడువు దాటి ఉంటే, "ఆ మాట నాది కాకుండా ఉండాల్సింది, మా జిల్లా కవుల గురించి మాత్రం నా మాట మారదు" అని రెండు ముక్కలు రాయి. రెండోది మింగొద్దు. తర్వాత మీ కాలేజీ లైబ్రరీలోనో, జిల్లా గ్రంథాలయంలోనో కవుల సంచిక ఉందేమో అడుగు. దొరికితే మీ వైపు ఊళ్ల పేర్లున్న పుటలు వెతికి, వారానికొక పద్యం చేత్తో రాసి ఫొటో తీసి గ్రూపులో పెట్టు. కింద కవి పేరు, ఊరు పేరు, అంతే. ఆయన్ను ట్యాగ్ చెయ్యకు. ఏదో ఒక వారం ఆ పెద్దాయన "పద్యం బాగుందయ్యా" అంటారు. అప్పుడు "చూశారా" అనకు. తర్వాతి వారం ఇంకో పద్యం పెట్టు.