డీఎస్సీకి కూర్చోవాలా, ఈ వృత్తినే వదిలేయాలా?

డి.ఎడ్. చేసి తిరుపతిలో ఒక ప్రైవేటు పాఠశాలలో రెండేళ్లుగా పనిచేస్తున్నానని, డీఎస్సీ (ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష) రాయాలో, అసలు ఈ వృత్తినే వదిలేయాలో తెలియడం లేదని అడిగారు. ప్రైవేటు, ప్రభుత్వ బడులు రెండింటిలోనూ పనిచేసినదాన్ని కాబట్టి నా అనుభవం చెబుతాను.

నేనూ మొదట తిరుపతిలోనే ఒక ప్రైవేటు పాఠశాలలో మూడేళ్లు చెప్పాను. వేసవి సెలవులకు జీతం ఇచ్చేవారు కాదు గానీ, మే ఎండల్లో కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తెమ్మనేవారు. మానేస్తానని చెప్పాక ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం నాలుగు నెలలు తిరిగాను. జీతం తక్కువన్న బాధకన్నా, నా చదువు కాగితాలు ఇంకొకరి బీరువాలో ఉన్నాయన్న బాధే నన్ను ఎక్కువగా కుంగదీసింది.

తర్వాత ఎస్జీటీగా, అంటే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల టీచరుగా, పాకాల దాటాక ఒక పల్లెకు వెళ్లాను. జీతం సంగతి తీరింది. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాళ్లం కనుక పాత పెన్షన్ కాక, జీతంలోంచి వాటా కట్టే సీపీఎస్ పెన్షన్ పథకం కిందికే వస్తామన్నది వేరే మాట. అసలు కష్టం తోటి టీచరు బదిలీ అయ్యాక మొదలైంది. 60 మంది వరకు ఉన్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుండగా, 34 మంది పిల్లలకు, అయిదు తరగతులకు నేనొక్కదాన్నే మిగిలాను. ఫోన్‌లో నా హాజరు, పిల్లల హాజరు, భోజనం లెక్క, గుడ్ల లెక్క ఎక్కించాలి. సిగ్నల్ బడి వెనక చింతచెట్టు కింద మాత్రమే అందేది. నేను తిరిగి వచ్చేసరికి ఒకటో తరగతి పిల్లలు పలకల మీద దిద్దిన అక్షరాలే మళ్లీ దిద్దుతూ కూర్చుని ఉండేవారు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప విద్యేతర పనులు మాకు అప్పగించకూడదని అదే చట్టం 27వ సెక్షన్ అంటుంది కానీ, ఈ ఫోన్ పనిని ఎవరూ విద్యేతరంగా లెక్కించరు కాబట్టి ఆ రక్షణ దీనికి అందదు.

ఒకరోజు సర్వర్ పనిచేయలేదు. ఆ ఖాళీలో, తమిళనాడులోని గుడియాత్తం వైపు నుంచి వచ్చి మూడో తరగతిలో చేరిన ఒక అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల ‘పిల్లి’ని ‘పిల్‌లి’ అని రాస్తోంది. వారాల తరబడి ఎర్రసిరాతో కొట్టేస్తూ వచ్చాను. తమిళంలో ఒత్తు కింద రాయరు, పొల్లు పెట్టి పక్కనే రాస్తారని, ఆ పిల్ల తనకు వచ్చిన పద్ధతినే పాటిస్తోందని నాకు అప్పుడే తట్టింది. రెండు లిపుల్లోనూ పక్కపక్కనే రాసి చూపించాను. పది నిమిషాల్లో ‘పిల్లి’, ‘పళ్ళెం’, ‘అమ్మ’ మూడూ సరిగ్గా రాసి, పలక నా చేతిలో పెట్టింది. నాకు ఈ ఉద్యోగంలో తృప్తి అంటే అదే, దానికి కావలసింది ఎవరూ కదిలించని ఆ పది నిమిషాలు.

అందుకని, డీఎస్సీ తప్పక రాయండి. పోస్టింగ్ కోరుకునేటప్పుడు మాత్రం నాలాగా బస్సు సౌకర్యం ఒక్కటే చూసుకోకుండా, ఆ బడిలో రెండో టీచరు ఉన్నారో లేదో ఊళ్లోవాళ్లను అడిగి తెలుసుకోండి. మా బడికి పోయిన ఏడాది రెండో టీచరు వచ్చారు. ఇప్పుడు ఉదయం మొదటి గంట ఒకరం చింతచెట్టు దగ్గర ఫోన్ పని చూసుకుంటే, ఇంకొకరం ఒకటి, రెండు తరగతుల పిల్లల దగ్గర నుంచి కదలం.