జబ్బు బయటపడ్డాక దాచిపెట్టి పాలసీ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేస్తున్నాను. చేతికి 62,000 రూపాయల జీతం వస్తుంది. నా భార్యకు 36 ఏళ్లు, మాకు ఇద్దరు పిల్లలు. ఆమెకు ఆసనం పక్కన చీముగడ్డ వస్తే గతంలో రెండుసార్లు కోసి శుభ్రం చేశారు. మళ్లీ నొప్పి మొదలవడంతో ఎంఆర్ఐ తీయించాం. పుట్టుకతోనే ఉన్న టెయిల్‌గట్ సిస్ట్ అని తేలింది. చెన్నైలో ఒక ఆసుపత్రివారు రోబోటిక్ సర్జరీకి 5.80 లక్షలు అవుతుందని, మూడు నాలుగు నెలల్లో చేయించుకోవచ్చని చెప్పారు. కాలేజీ ఇచ్చిన గ్రూపు పాలసీ 3 లక్షలకు ఉంది, సొంత పాలసీ లేదు. తెలిసిన ఏజెంటు ఇప్పుడే 10 లక్షల పాలసీ తీసుకోమని, ఎంఆర్ఐ సంగతి ఫారంలో రాయొద్దని అంటున్నారు. అది కుదరకపోతే తక్కువపడే 3 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. ఇంట్లో 12 సవర్ల బంగారం ఉంది. చంద్రగిరి వైపు కొన్న స్థలానికి నెలకు 18,000 వాయిదా కడుతున్నాను. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. మీ ఏజెంటు ఇచ్చిన సలహా మీ ఒక్కరికే ఇచ్చింది కాదు. పెద్ద జబ్బు బయటపడిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట చెబుతూనే ఉంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రపోజల్ ఫారం కింద సంతకం మీది, ఏజెంటుది కాదు. అందులో గత శస్త్రచికిత్సలు, పరీక్షలు, ప్రస్తుతం ఉన్న లక్షణాల గురించి సూటిగా అడుగుతారు. వాటికి ‘లేదు’ అని రాసి నాలుగు నెలల తరవాత క్లెయిము పెడితే కంపెనీ మొదట అడిగేది పాత కాగితాలే. ఈ జబ్బు స్వభావం వల్ల ఆ కాగితాలను దాచడం అసలు సాధ్యపడదు. పిండ దశలో కరిగిపోవాల్సిన పేగు తోక భాగం కొంత మిగిలిపోవడం వల్ల ఏర్పడే ఈ తిత్తి పురీషనాళానికి (పెద్దపేగు చివరి భాగానికి) వెనక, త్రికాస్థికి (వెన్ను అడుగున ఉండే ఎముకకు) ముందు ఉంటుంది. బయటికి కనపడని చోటు కావడంతో దీన్ని చాలామందిలో మామూలు చీముగడ్డగానో, ఫిస్టులా (ఆసనం దగ్గర చీము కారే దారి) గానో పొరబడుతుంటారు. మీ భార్యకు జరిగిన రెండు ఆపరేషన్ల చరిత్ర సర్జనుకు ముఖ్యమైన ఆధారం కనక ఆయన దాన్ని కేసుషీటులో తప్పకుండా రాస్తారు. ఎంఆర్ఐ రిపోర్టు మీద తేదీ ఉండనే ఉంటుంది. నిజం దాచారని తేలితే క్లెయిము పోతుంది, పాలసీ రద్దవుతుంది, రేపు ఇంకో కంపెనీకి వెళ్లినప్పుడు ‘గతంలో ఏదైనా పాలసీ రద్దయిందా’ అన్న ప్రశ్నకు కూడా మీరు జవాబు రాయాల్సి వస్తుంది. అరవై నెలలు వరసగా ప్రీమియం కట్టాక కంపెనీ పాత విషయాలు తవ్వకూడదన్న నియమం ఉన్న మాట నిజమే గానీ, రుజువైన మోసానికి ఆ రక్షణ వర్తించదు. పైగా మీ చేతిలో ఉన్నది మూడు నాలుగు నెలలు మాత్రమే.

ఇంకో సంగతి మీ ఏజెంటు చెప్పి ఉండరు. పుట్టుకతో వచ్చిన అంతర్గత లోపాలకు చాలా పాలసీల్లో విడిగా 24 నెలల నిరీక్షణ కాలం ఉంటుంది, అది తీరేదాకా వాటికి క్లెయిము ఇవ్వరు. అంటే ఎంఆర్ఐ సంగతి దాచినా, పట్టుబడకపోయినా ఈ ఆపరేషన్‌కు డబ్బు రాదు. నిజం రాసి తీసుకుంటే ముందునుంచి ఉన్న జబ్బు కింద గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి. ఏ విధంగా చూసినా కొత్త పాలసీ ఈ శస్త్రచికిత్సకు పనికిరాదు.

కాబట్టి ఇప్పుడు మీరు చదవాల్సింది కాలేజీ గ్రూపు పాలసీ. కార్డు మీద 3 లక్షలని ఉన్నంత మాత్రాన 3 లక్షలూ వస్తాయనుకుని లెక్క వేసుకున్నారు. అక్కడే మీ లెక్క తప్పింది. హెచ్ఆర్ విభాగం నుంచి పూర్తి పాలసీ నిబంధనల ప్రతి తీసుకోండి. రోబోటిక్ సర్జరీని పాలసీ నుంచి పూర్తిగా తప్పించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది కానీ, దానికి ఉపపరిమితి (ఆ చికిత్సకు ఇంతవరకే ఇస్తామన్న హద్దు) పెట్టుకునే వీలు కంపెనీలకు మిగిల్చింది. మీ పాలసీలో ఆ పరిమితి బీమా మొత్తంలో సగం అని ఉంటే రోబో పద్ధతిలో మీకు వచ్చేది 1.50 లక్షలు, చేతినుంచి పడేది 4.30 లక్షలు. ఆ తరవాత పుట్టుకతో వచ్చే లోపాల నిబంధన చూడండి. బయటికి కనిపించే శరీర భాగాల్లోని లోపాన్ని బాహ్యమని, కనిపించని చోట ఉన్నదాన్ని అంతర్గతమని పాలసీలు విడదీస్తాయి. చాలా పాలసీలు తిరస్కరించేది బాహ్య లోపాలనే. మీ భార్యది స్పష్టంగా అంతర్గతం. అయినా ‘కంజెనిటల్’ అన్న మాట కనపడగానే తిరస్కరించే క్లెయిము విభాగాలు ఉంటాయి కనక, తిత్తి త్రికాస్థి ముందు లోపల ఉందని ఆపరేషన్‌కు ముందే బీమా కంపెనీకి పంపే ముందస్తు అనుమతి పత్రంలోనే సర్జను చేత రాయించండి. గది అద్దె పరిమితిని కూడా వదిలేయకండి. పరిమితికి మించిన గది తీసుకుంటే అద్దెలో తేడాతో పోదు, సర్జను ఫీజు వంటి ఖర్చుల్లో కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది.

ఏ పద్ధతిలో చేయాలన్నది సర్జను నిర్ణయం, అందులో నేను తలదూర్చను. ఇరుకైన కటి లోపల నరాలకు దెబ్బ తగలకుండా పనిచేయడానికి రోబో చేతులు ఉపయోగపడతాయన్నది నిజం. అయితే తిత్తి ఎంత ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి పొట్ట వైపు నుంచి ల్యాప్రోస్కోపీతోనూ, వెనక వైపు నుంచి కోతతోనూ దీన్ని తీసే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. మీ భార్య విషయంలో అవి కుదురుతాయా అని అడగండి. కుదిరితే వాటి అంచనా కూడా విడిగా రాయించుకోండి. రోబో పరికరాలను కొన్నిసార్లే వాడగలరు కాబట్టి బిల్లులో వాటి ఖర్చు విడిగా పడుతుంది, దాన్ని బీమా కంపెనీలు తరచూ కోసేస్తాయి. తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది, వెల్లూరులో సీఎంసీ ఆసుపత్రి ఉంది. మీకు సమయం ఉంది కదా, ఎంఆర్ఐ సీడీ పట్టుకుని ఇంకొక అభిప్రాయం తీసుకున్నాకే చెన్నైలో తేదీ ఖాయం చేయండి. అలాగని ఏళ్లతరబడి వాయిదా వేయొద్దు. ఈ తిత్తులకు మళ్లీ మళ్లీ చీము పట్టే స్వభావం ఉంది, కొందరిలో క్యాన్సరుగా మారడం కూడా ఉంది.

ఇక రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి 24 శాతం! మూడు లక్షలకు నెలకు 6,000 రూపాయలు వడ్డీకే పోతుంది, అసలు ఒక్క రూపాయి తగ్గదు. ఇంట్లో 12 సవర్ల బంగారం పెట్టుకుని ఈ ఆలోచన ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. నగలు తాకట్టు పెడితే పరువు పోతుందని, నోటు రాసిస్తే పోదని మన వైపు ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకానికి మీరు ఏడాదికి 72,000 రూపాయలు చెల్లించబోతున్నారు. బ్యాంకులో బంగారు రుణానికి పది శాతం వేసుకున్నా నెలకు 2,500 దాటదు, మూడు లక్షలకు నగలన్నీ పెట్టే అవసరం కూడా ఉండదు. క్రెడిట్ కార్డు, ఫోన్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి అసలు పోవద్దు. పీఎఫ్ ఉంటే వైద్యానికి అడ్వాన్సు తీసుకోవచ్చు, ఆ తరవాతే బంగారం. ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని తేదీ పెట్టుకోవద్దు.

సొంత పాలసీ ఇప్పుడైనా తీసుకోండి. ఈ ఆపరేషన్ కోసం కాదు, మిగతా జీవితం కోసం. స్థలానికి నెలకు 18,000 కట్టగలిగిన ఇంట్లో ఆరోగ్య పాలసీ లేకపోవడం నాకు కష్టంగా ఉంది. కాలేజీ పాలసీ మీ ఉద్యోగంతోపాటే పోతుంది. నలుగురికీ కలిపి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటరుకు ప్రపోజల్ పెట్టండి. రెండు ఆపరేషన్లు, ఎంఆర్ఐ, టెయిల్‌గట్ సిస్ట్ అన్న పేరు, అన్నీ రాసి రిపోర్టులు జతచేయండి. ప్రీమియం కొంత పెంచవచ్చు, ఈ జబ్బు వరకు నిరీక్షణ పెట్టవచ్చు, మీ భార్యను చేర్చుకోబోమని కూడా అనవచ్చు. అలా అంటే మీకూ పిల్లలకూ వెంటనే తీసుకుని, ఆమె కోసం గ్రూపు పాలసీ ఇచ్చిన కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారే వీలు గురించి హెచ్ఆర్ ద్వారా అడగండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, వాయిదా వేయడానికి ఆ సాకు కూడా పోయింది. ఆరు నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి బంగారు రుణం తీరాక మొదలుపెట్టండి.

చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజులు, తరవాత 60 రోజుల ఖర్చు కూడా ఇస్తాయి. అందువల్ల స్కాన్లు, మందులు, బయాప్సీ రిపోర్టుల బిల్లులన్నీ భద్రపరచండి. ముందస్తు అనుమతి అడిగినప్పుడు కంపెనీ కాదంటే కారణం నిబంధన సంఖ్యతో సహా రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీ ఫిర్యాదుల విభాగంలో న్యాయం జరగకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి ఆ కాగితంతోనే వెళ్లాలి. అక్కడ ఫీజు లేదు, వకీలు అవసరం కూడా లేదు.