పల్లం మడికే చలి ముందు తగులుతుంది

రైతు సందేహం: మాది అరకులోయ మండలం. గెడ్డ (వాగు) ఒడ్డున పల్లంలో ఎకరం బంగాళాదుంప వేశాను. నిరుడు జనవరిలో ఒక్క రాత్రిలో ఆకంతా నల్లబడిపోయింది. మందుల షాపులో తెగులన్నారు, రెండుసార్లు మందు కొట్టినా ఫలితం లేదు. కాస్త పైన మెట్టలో ఉన్న మా బావమరిది చేను మాత్రం పచ్చగానే ఉంది. ఈ శీతాకాలం చలి ఎక్కువ ఉంటుందా? పక్కన ఖాళీగా ఉన్న మడిలో ఇప్పుడు రాజ్‌మా వేయొచ్చా?

నిపుణుల సలహా: ముందు మీ బావమరిది చేను సంగతి మాట్లాడుకుందాం. మీకు కావాల్సిన జవాబు సగం అక్కడే ఉంది.

మబ్బు లేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కిన గాలి నీళ్లలాగే వాలు వెంట జారి పల్లంలో మడుగు కడుతుంది. అందుకే తెల్లవారుజామున వాలు మీద కంటే లోయ అడుగున చలి ఎక్కువ. పాడేరు దగ్గర వంజంగి కొండెక్కినవాళ్లు పొద్దున్నే కింద పాలసముద్రంలా పరుచుకున్న మంచును ఫోటోలు తీసుకుంటారు కదా, అది నిండేది కూడా ఇలాంటి చల్లగాలి మడుగులోనే. మీ మడి ఉన్నదీ అక్కడే.

ఇక సీజన్ గురించి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మూడు నెలలకు కలిపి వాతావరణ శాఖ ముందస్తు అంచనా ఇస్తుంది. రాత్రి ఉష్ణోగ్రతల సగటు మామూలు కంటే పైన ఉంటుందా, కింద ఉంటుందా అని పెద్ద పెద్ద ప్రాంతాలకు చెప్పే మాట అది. నిరుడు మీ ఆకును మాడ్చింది సగటు కాదు, ఒక్క రాత్రి. మొత్తం మీద వెచ్చగా గడిచిన ఏడాదిలో కూడా అలాంటి రాత్రి ఒకటి రావచ్చు. కాబట్టి 'ఈ ఏడు చలి తక్కువట' అన్న మాట విని నిశ్చింతగా ఉండొద్దు. కోల్డ్‌వేవ్ (తీవ్రమైన చలిగాలుల) హెచ్చరిక రాలేదని కూడా ఊరుకోవద్దు. కొండ ప్రాంతాలకు ఆ లెక్క మొదలయ్యేదే సున్నా డిగ్రీల దగ్గర.

ఆ రాత్రి ముందే కొంత ఆనవాలు ఇస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నన్నాళ్లు మబ్బు దుప్పటిలా కప్పుతుంది, చలి తగ్గుతుంది. అది దాటిపోయి, ఆకాశం తేటపడి, ఉత్తరం నుంచి పొడిగాలి వీచి, సాయంత్రానికి ఆ గాలి కూడా పడిపోయిందంటే జాగ్రత్త పడండి. వాతావరణ శాఖ రైతుల కోసం తెచ్చిన మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో మీ జిల్లాకు సలహాలు వస్తాయి, కనిష్ఠ ఉష్ణోగ్రత ఎంతో చూసుకోండి. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ అంకె మనిషి ఛాతీ ఎత్తులో, పెట్టెలో ఉంచిన థర్మామీటర్‌ది. అలాంటి రాత్రి నేల దగ్గర దానికంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉండొచ్చు. యాప్‌లో 4 డిగ్రీలు అని చూపిస్తున్నా మీ దుంప ఆకు మీద తెల్లమంచు పేరుకోవచ్చు.

ఆ రోజు మధ్యాహ్నం మడికి పల్చగా ఒక తడి ఇవ్వండి. తడి నేల పగటి వేడిని బాగా పట్టుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. సాళ్ల మధ్య ఎండుగడ్డి పరిచి ఉంటే పక్కకు లాగేయండి. గడ్డి నేల వేడిని పైకి రానివ్వదు, మొక్క మాడిపోతుంది. ఆ గడ్డినే సాయంత్రం మొక్కల మీద పల్చగా కప్పి, ఎండ వచ్చాక తీసేస్తే మంచిది. గెడ్డ వైపు గట్టు మీద పొదలు దట్టంగా పెరిగి ఉన్నాయా? చల్లగాలికి అవి ఆనకట్టలా అడ్డుపడతాయి. రెండు మూడు చోట్ల నరికి దారి ఇవ్వండి, చలి కిందికి దిగిపోతుంది. పైసా ఖర్చు లేని పని ఇది, అయినా చేసేవాళ్లు తక్కువ. చెత్త కాల్చి పొగ పెట్టడాన్ని నేను ప్రోత్సహించను. పొగ కంటికి కనిపించినంతగా వేడిని ఆపదు, పైగా అడవి పక్కన నిప్పు.

తెగులు సంగతికొస్తే, మీరు చెప్పిన లక్షణాలు చలి దెబ్బవే అనిపిస్తున్నాయి. చలి తగిలిన ఆకు ఒక్క రాత్రిలో వేడినీళ్లు పోసినట్టు వాలిపోయి నల్లబడుతుంది. పల్లం భాగమే ముందు పోతుంది. లేట్ బ్లైట్ అనే ఆకుమాడు తెగులు అలా రాదు. ఆకు అంచుల్లో మచ్చలతో మొదలై, పొగమంచు వదలని నాలుగైదు రోజుల్లో పాకుతుంది, పొద్దున్నే ఆకు తిప్పి చూస్తే మచ్చ చుట్టూ తెల్లటి బూజు ఉంటుంది. బూజు లేకపోతే మందు కొట్టొద్దు. పొగమంచు రోజులు వరుసగా పడితే, తెగులు కనిపించకముందే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు పిచికారీ చేసుకోవచ్చు. పక్కన సేంద్రియ సర్టిఫికెట్ ఉన్న కాఫీ తోట ఉంటే ఆ వైపు గాలి ఉన్నప్పుడు వద్దు, వాళ్ల సర్టిఫికెట్‌కే ఎసరు వస్తుంది.

చలి దెబ్బ తగిలాక కంగారుపడి మొక్కలు పీకేయకండి, యూరియా వేయకండి. వారం ఆగితే కింది కణుపుల నుంచి కొత్త చిగురు వస్తుందో లేదో తెలిసిపోతుంది. బోదెలకు మన్ను బాగా ఎగదోసి ఉంటే దుంపకు ఏమీ కాదు.

రాజ్‌మా ఇప్పుడు వద్దు. సెప్టెంబర్‌లో వేసింది డిసెంబర్‌కి చేతికొస్తుంది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు వేస్తే సరిగ్గా జనవరి చలిలో పూతకొస్తుంది, ఆ పూత నిలవదు. రాజ్‌మాకు బంగాళాదుంపకున్న పాటి ఓర్పు కూడా ఉండదు. తప్పదనుకుంటే మీ బావమరిది మెట్టలో ఖాళీ ఉందేమో అడగండి.

ఈ పది రోజుల్లో రెండు మామూలు థర్మామీటర్లు కొని, ఒకటి మీ మడిలో, ఒకటి ఆయన చేలో జానెడు ఎత్తున కట్టండి. జనవరి చివరిదాకా రోజూ సూర్యోదయానికి ముందు రెండూ చూసి నోటు పుస్తకంలో రాయండి. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానానికి వచ్చినప్పుడు ఆ పుస్తకం వెంట తెచ్చుకుంటే, వచ్చే ఏడు ఏ మడిలో ఏది వేయాలో దాన్ని చూసే నిర్ణయించుకోవచ్చు.