ఫెంటనిల్ ప్యాచ్ మీద హీటింగ్ ప్యాడ్ పెట్టుకోవచ్చా?

పెట్టకూడదు, ప్యాచ్ ఉన్నచోట వేడి తగిలితే ఒంట్లోకి వెళ్లే మందు ప్రాణాపాయం దాకా పెరగవచ్చు. దీర్ఘకాలిక నొప్పికి వాడే ఈ ప్యాచ్ నుంచి ఫెంటనిల్ అనే చాలా బలమైన నొప్పి మందు చర్మం గుండా కొంచెం కొంచెంగా, సాధారణంగా 72 గంటల పాటు రక్తంలో చేరుతుంది. చర్మం వేడెక్కితే అక్కడ రక్తప్రసరణ పెరిగి, మందు త్వరత్వరగా లోపలికి పోతుంది. మత్తు కమ్ముతుంది, ఊపిరి మందగిస్తుంది. ఉదాహరణకు, వీపు మీది ప్యాచ్‌కు హీటింగ్ ప్యాడ్ ఆనించి నిద్రపోయిన మనిషికి తన ఊపిరి తగ్గిపోతున్న సంగతే తెలియదు. వేడినీళ్ల టబ్బు, ఎలక్ట్రిక్ దుప్పటి కూడా అంతే. జ్వరం వచ్చినా ఇదే ప్రమాదం, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

చాలామంది దీన్ని మామూలు నొప్పి ప్లాస్టర్ అనుకుంటారు. నొప్పి తగ్గకపోతే పక్కన ఇంకొకటి అంటిస్తారు. ఇది పనిచేసేది రక్తం ద్వారా, కాబట్టి డాక్టరు చెప్పకుండా రెండోది వేయడమంటే మోతాదు రెట్టింపు చేయడమే. ప్యాచ్ తీసేశాక కూడా చర్మంలో మిగిలిన మందు చాలా గంటలు రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. అందుకే మనిషి లేపినా లేవకపోతే, ప్యాచ్ పీకేసి ఊరుకోకుండా వెంటనే అంబులెన్స్ పిలవాలి.