పాత కారు హారన్ మోగకపోతే

అల్లుడూ,

హారన్ నోరు మెదపడం లేదని రాశావు. కొత్తది కొనడానికి అప్పుడే బయల్దేరకు. పాత కార్లలో హారన్ పాడవడం కన్నా, దాని దాకా కరెంటు సరిగా రాకపోవడం, వచ్చింది ఎర్త్‌లోకి, అంటే బ్యాటరీ మైనస్‌కి కలిపిన కారు బాడీలోకి, పోలేకపోవడమే ఎక్కువ. ముందు తప్పు హారన్‌దా, దారిదా తేల్చుకో. అది తేలకుండా ఏ భాగం మార్చినా డబ్బు దండగే.

అందుకు కావలసినవి తక్కువే. మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన రెండు గజాల వైరు, ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికించి చేసిన టెస్ట్ ల్యాంపు, అలాంటిదే 5 వాట్ల బల్బుతో ఇంకోటి, ఒక మల్టీమీటరు, ఒక ముక్క ఎమరీ పేపరు. నీ కారు స్టీరింగ్ మధ్యలో ఎయిర్‌బ్యాగ్ ఉంటే మాత్రం ముందే చెబుతున్నా: బ్యాటరీ మైనస్ తీసి పావుగంట ఆగకుండా ఆ మూత ముట్టుకోవద్దు. పసుపు రంగు కనెక్టర్లలో మీటరు గానీ బల్బు గానీ పెట్టనే వద్దు. ఆ భాగం తెలిసినవాడి చేతికి ఇవ్వడమే మంచిది.

హారన్ దగ్గరి నుంచి మొదలుపెట్టు. దాని వైర్లు పీకి, ఫ్యూజు వైరుతో బ్యాటరీ ప్లస్ నుంచి ఒక టెర్మినల్‌కి, మైనస్ నుంచి ఇంకో వైరుతో రెండో టెర్మినల్‌కి తాకించు. ఒకే టెర్మినల్ ఉన్న హారన్ అయితే బిగించిన బ్రాకెట్టే దాని ఎర్త్, కాబట్టి మైనస్ వైరు బ్రాకెట్ మీద గీకి పెట్టు. గట్టిగా మోగిందా, హారన్ బాగానే ఉంది, దాన్ని వదిలేయ్. రెండు హారన్లు ఉంటే విడివిడిగా చూడు. ఒకటి చచ్చిపోయినా రెండోది మోగుతూనే ఉంటుంది, శబ్దం పీలగా అనిపిస్తుందంతే.

హారన్ మంచిదని తేలితే ఫ్యూజు దగ్గరికి రా. కంటితో చూసి బాగుందనుకోకు. గాజు ఫ్యూజుల్లో తీగ చివర మూత లోపల తెగిపోతుంది, పైకి కనపడదు. దాన్ని పట్టుకునే క్లిప్పులకు చిలుము పట్టినా అంతే. 21 వాట్ల ల్యాంపు ఒక వైరు బ్యాటరీ మైనస్‌కి పెట్టి, రెండోది ఫ్యూజు రెండు చివర్లలోనూ తాకించి చూడు, రెండు చోట్లా సమానంగా వెలగాలి. ఇక్కడ మీటరు వద్దు, ల్యాంపే కావాలి. ఎందుకంటే చిలుము పట్టిన అతుకు గుండా కూడా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ పైపులో ఒత్తిడి నిండుగానే ఉంటుంది, తిప్పితే గానీ ధార ఎంతో తెలీదు. మీటరు దాదాపు ఏమీ వాడుకోదు, 21 వాట్ల బల్బు దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది. పాత కార్ల విషయంలో జనం మోసపోయేది ఎక్కువగా ఇక్కడే.

తర్వాత రిలే, అంటే బటన్ వైపు చిన్న కరెంటుతో హారన్‌కి పెద్ద కరెంటు కలిపే స్విచ్చు. బటన్ నొక్కినప్పుడు రిలే మీద వేలు పెట్టి విను. టక్‌మని కొట్టుకుంటూ హారన్ మోగకపోతే బటన్ వైపు అంతా బాగున్నట్టే, తప్పు రిలే లోపల కలిసి విడిపోయే పాయింట్లలోనో అక్కడి నుంచి హారన్ దాకా ఉన్న దారిలోనో ఉంది. టక్ అనకపోతే రిలే పీకి దాని సాకెట్ చూడు. చాలా రిలేల మీద 30, 87, 85, 86 అని అంకెలుంటాయి. 30కి ఫ్యూజు నుంచి కరెంటు ఎప్పుడూ ఉండాలి, 87 హారన్‌కి పోతుంది. ఈ రెంటినీ ఫ్యూజు వైరుతో కలిపితే హారన్ మోగాలి. మిగిలిన రెండూ కాయిల్‌వి, అంటే ఆ పాయింట్లను లాగి కలిపే తీగచుట్టవి. ఒకదానికి కరెంటు ఉంటుంది, రెండోది స్టీరింగ్ బటన్‌కి పోతుంది. చిన్న ల్యాంపు ఒక చివర బ్యాటరీ ప్లస్‌కి పెట్టి, రెండో చివర ఆ బటన్ రంధ్రంలో ఉంచి బటన్ నొక్కించు. వెలిగితే బటన్ దాకా దారి బాగున్నట్టు. ఇక్కడ పెద్ద బల్బు పెట్టకు. రిలే కాయిల్ లాగేది ఆంపియర్‌లో చిన్న వంతు, స్టీరింగ్ లోపలి సన్నటి కాంటాక్టులు దానికే తగ్గట్టు ఉంటాయి.

ఇంకా పాత కార్లలో రిలేయే ఉండదు. హారన్‌కి కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, బటన్ దానికి ఎర్త్ అందిస్తుంది. అలాంటి చోట బటన్ నొక్కకపోయినా హారన్ రెండు టెర్మినల్స్ దగ్గరా 12 వోల్టులు కనిపిస్తాయి, చూసి కంగారుపడకు. అయితే ఆ వైర్లు విప్పేముందు ఫ్యూజు తీసెయ్, స్పానర్ బాడీకి తగిలితే నిప్పులు రాలుతాయి.

రిలే సాకెట్‌లో పెట్టిన చిన్న ల్యాంపు వెలగకపోతే అసలు పని స్టీరింగ్ దగ్గర. వీల్ తిరుగుతుంటుంది, వైరు తిరగలేదు. అందుకని ఇత్తడి రింగు మీద స్ప్రింగుతో నొక్కుకునే చిన్న బ్రష్ ఉంటుంది. దానికి అరుగుదల వస్తుంది, మీద పాత గ్రీజు నల్లగా గట్టిపడుతుంది. హారన్ కొన్ని మలుపుల్లోనే మోగుతోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఎమరీతో తేలిగ్గా రుద్ది, గుడ్డతో తుడిచి, కొంచెం కాంటాక్ట్ గ్రీజు రాస్తే చాలు. ఎయిర్‌బ్యాగ్ ఉన్నవాటిలో రింగు బదులు చుట్టలా మడిచిన రిబ్బన్ వైరు ఉంటుంది, అది తెగితే బాగుచేసేది కాదు, మార్చడమే.

ఇంకొకటి, ఇది చాలామంది మరిచిపోతారు. స్టీరింగ్ రాడ్ కింద రబ్బరు కప్లింగ్ ఉన్న కార్లలో, ఆ రబ్బరు ఎర్త్‌ని ఆపేస్తుంది. అందుకే దాన్ని దాటించడానికి సన్నటి అల్లిక తీగ ఒకటి బిగిస్తారు. అది తెగినా, ఎవరో పని చేసి తిరిగి పెట్టడం మరిచినా, బటన్ ఎంత నొక్కినా లాభం లేదు. పరీక్ష సులువు. బ్యాటరీ మైనస్ నుంచి వైరు తెచ్చి స్టీరింగ్ రాడ్ లోహానికి ఆనించి, బటన్ నొక్కు. మోగితే తప్పు ఆ తీగదే.

అన్నీ పనిచేస్తూ శబ్దం మాత్రం నీరసంగా ఉంటే మల్టీమీటరు తియ్యి. బటన్ నొక్కి ఉంచి మీటరు ఎరుపు తీగ బ్యాటరీ ప్లస్ మీద, నలుపు తీగ హారన్ ప్లస్ టెర్మినల్ మీద పెట్టు. అర వోల్టుకు మించితే ఆ దారిలో ఎక్కడో నష్టం ఉంది: ఫ్యూజు క్లిప్పు, రిలే పాయింట్లు, వదులైన కనెక్టరు. తర్వాత నలుపు తీగ బ్యాటరీ మైనస్ మీద, ఎరుపు తీగ హారన్ ఎర్త్ టెర్మినల్ మీద. రిలే ఉన్న కారులో ఇక్కడ పావు వోల్టు కూడా ఎక్కువే. రిలే లేని కారులో బటన్ కూడా ఈ దారిలోదే కాబట్టి అర వోల్టు దాకా సరిపెట్టుకో. ఎర్త్ బోల్టు విప్పి రంగు, తుప్పు పోయేదాకా గీకి బిగించు. ఒక్కో హారన్ నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది, అందుకే ఎర్త్‌లో చిన్న తేడా కూడా శబ్దంలో తెలిసిపోతుంది.

దానంతట అదే ఆగకుండా మోగుతుంటే ముందు రిలే పీకు. పీకినా ఆగకపోతే 87 వైరుకి ఎక్కడో కరెంటు తగులుతోంది. ఆగితే బటన్ వైరు విడిగా తీసి రిలే తిరిగి పెట్టు. ఇప్పుడూ మోగితే రిలే పాయింట్లు అతుక్కుపోయాయి, మోగకపోతే బటన్ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా బటన్ కింద ప్లాస్టిక్ బుష్ పగిలింది. ఫ్యూజు పెట్టగానే పేలుతుంటే బటన్ నొక్కకముందున్న వైర్లలో షార్టు, నొక్కినప్పుడే పేలితే రిలే తర్వాతి వైరులోనో హారన్‌లోనో. ఫ్యూజులు తగలేసే బదులు ఆ చోట 21 వాట్ల ల్యాంపు పెట్టి వైర్లు ఒక్కోటీ విప్పుతూ పో, ఏది విప్పితే ఆరిపోతుందో దొంగ అక్కడే. పెద్ద ఫ్యూజు పెట్టి గెలిచానని మాత్రం అనుకోకు, వైరు కాలుతుంది.

మొదటి పరీక్షలోనే హారన్ మోగకుండా టక్‌మని మాత్రం అంటే పక్కనున్న చిన్న సర్దుబాటు స్క్రూ చూడు. లోపలి పాయింట్లు విడిపోతూ కలుస్తూ ఉంటేనే రేకు అదురుతుంది. అవి అసలు కలవకపోతే కరెంటే తీసుకోదు, అసలు విడిపోకపోతే వేడెక్కి ఫ్యూజు కొట్టేస్తుంది. స్క్రూ పావు చుట్టుకి మించకుండా తిప్పుతూ, ఒక్కో సెకను మోగించి చూడు. మధ్యలో ఉన్న పెద్ద నట్టు జోలికి పోకు, అది తిరిగి సరిచేయడం మహా కష్టం. తిరిగి బిగించేటప్పుడు హారన్‌తో వచ్చిన రేకు బ్రాకెట్‌నే వాడు, హారన్ ఒంటికి ఇంకేదీ తగలకూడదు. నోరు కొంచెం కిందికి వంచి పెట్టు, లేకపోతే నీళ్లు నిలిచి రేకు తుప్పు పడుతుంది.

మీ మామయ్య