గరుత్మంతుడికి డ్రైవర్ ఎవరు?

ప్రశ్న: మనిషి నడపకుండానే వెళ్లే కారును ఒకరు ‘స్వయంచాలక వాహనం’ అంటున్నారు, ఇంకొకరు ‘స్వయంచాలిత వాహనం’ అంటున్నారు. మొన్న ఒక వ్యాసంలో ‘స్వయంప్రతిపత్తి గల వాహనం’ అని కూడా చదివాను. ఏది సరైనది?

జవాబు: మూడోదాన్ని ముందే పక్కన పెట్టేద్దాం. స్వయంప్రతిపత్తి ప్రాంతాలకూ సంస్థలకూ ఉంటుంది. ఇంగ్లీషులో ఇలాంటి బండికున్న ‘అటానమస్’ అనే పేరు కనబడగానే నిఘంటువులోని మొదటి అర్థం తీసి అతికించేస్తే, కారు ప్రత్యేక రాష్ట్రం అడుగుతున్నట్టుంటుంది.

చాలకం కదిలించేది, చాలితం కదిలించబడినది. రెంటినీ సమర్థించవచ్చు. నాకు అడ్డొచ్చేది వ్యాకరణం కాదు, చెవి. ‘జీతం చాలక’, ‘టైమ్ చాలక’ అనే మనకు ‘స్వయంచాలక’ అనగానే బండికి ఏదో చాల్లేదనిపిస్తుంది.

నన్ను పట్టుకున్నది మాత్రం మీరు అడగని మాట, వాహనం. వహ ధాతువుకు మోయడం అని అర్థం. ప్రవాహం, వాహిని, వివాహం దాని సంతానమే. లాటిన్‌లో మోయడానికున్న ‘వెహెరె’ కూడా ఈ ఇంటి చుట్టమే. ఇంగ్లీషు వెహికిల్ అక్కడి నుంచి వచ్చింది. ‘వెహికిల్’ అంటే గొప్పగా, ‘వాహనం’ అంటే పాతగా ఉందనేవాళ్లు ఇద్దరూ దాయాదులని గుర్తుంచుకుంటే మంచిది. సరే, మోసేది వాహనం. విష్ణువుకు గరుత్మంతుడు, శివుడికి నంది, వినాయకుడికి ఎలుక. వీళ్లలో ఎవరికైనా డ్రైవర్ ఉన్నాడా? ఎక్కినవాడు ఎక్కడికో చెబితే చాలు, దారి వాహనానికే తెలుసు! తోలేవాడు కావలసింది రథానికి. అందుకే సారథి అనే మాటలో రథం ఉంది, వాహనం లేదు. కృష్ణుడు తోలింది పార్థుడి రథాన్ని, అనూరుడు తోలేది సూర్యుడి రథాన్ని. మన పత్రికల ‘వాహన చోదకుడు’ రథం దిగి వాహనం ఎక్కినవాడు. ఆ లెక్కన వాహనానికి ‘స్వయం’ అని తగిలించడమే దండగ.

అలాగని గట్టిగా పట్టుబట్టలేను. సంస్కృత నిఘంటువు అమరకోశం వాహనం, యానం, యుగ్యం, పత్రం, ధోరణం అని అన్నిటినీ ఒకే వరసలో కూర్చోబెట్టింది. రథమూ అందులో ఇమిడిపోతుంది. (పత్రం ఆకే కాదు, బండి కూడా. ఆ సంగతి ఇంకోసారి.)

ఇంగ్లీషులోనూ ఇదే తిప్పలు. గుర్రం లేని బండి వచ్చినప్పుడు ‘ఆటోమొబైల్’ అన్నారు. ఆటో గ్రీకు, మొబైల్ లాటిన్. తనంతట తాను కదిలేది అని అర్థం. గుర్రాన్ని విప్పినప్పుడే ‘తనంతట తాను’ ఖర్చయిపోయింది. ఇప్పుడు డ్రైవర్ కూడా దిగిపోతుంటే ‘సెల్ఫ్ డ్రైవింగ్’ అని మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది.

మనకు ఆ ఇబ్బంది లేదు. నడుచు, నడుపు, నడుపుకొను అని మూడున్నాయి కదా. ‘తనంతట తాను నడిచే కారు’ అనకండి. స్టీరింగ్ మన చేతిలో ఉన్నా ‘కారు బాగా నడుస్తోంది’ అనే అంటాం. ‘తనను తాను నడుపుకొనే కారు’ అంటే అర్థం సూటిగా తగులుతుంది. పొడుగైపోయిందంటే ‘డ్రైవర్ లేని కారు’ అనండి, పేచీ పెట్టను, ఆపి ఉంచిన కారులోనూ డ్రైవర్ ఉండడని తెలిసినా సరే. పాఠ్యపుస్తకానికైతే ‘స్వయంచాలిత’ వైపే కాస్త మొగ్గుతాను.

అన్నట్టు, కంప్యూటర్ వాళ్ల భాషలో డ్రైవర్ అంటే ప్రింటర్‌నో కెమెరానో పని చేయించే ప్రోగ్రాం. అలా చూస్తే ఈ కారు నిండా డ్రైవర్లే.