పెన్సిల్ ఎవరి చేతిలో ఉంది?

గుంటూరులో తొమ్మిదేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. అమెరికా వచ్చాక హెచ్-4 వీసా (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ల కుటుంబానికిచ్చేది) మీద ఏళ్ల తరబడి ఇంట్లోనే. 2015లో మాలాంటివాళ్లలో కొందరికి ఉద్యోగం చేసుకునే వీలు ఇచ్చారు. అప్పుడు కాలిఫోర్నియాలో మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న కమ్యూనిటీ కాలేజీ (డిగ్రీ మొదటి రెండేళ్లు చెప్పే కాలేజీ) ట్యూటరింగ్ సెంటర్‌లో చేరాను. ఇప్పటికీ అక్కడే. పోయిన సంచికలో ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పినందుకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఎక్కువమంది అడిగినవే తీసుకుంటున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి కమ్యూనిటీ కాలేజీలో మొదటి సంవత్సరం. రెండేళ్లయ్యాక యూసీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి, మారాలని ప్లాన్. కాలిక్యులస్ మొదటి మిడ్‌టర్మ్‌లో నూటికి 54 వచ్చాయి. కాలేజీలో ట్యూటరింగ్ ఉచితమట, కానీ ఉచితంగా ఇచ్చేది ఏపాటి ఉంటుంది? హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో ఒక సారును పెట్టిద్దామని మా ఆలోచన. ఇంకోటి, ఆ సెంటర్‌కి ఫోన్ చేసి మావాడు వస్తున్నాడో లేదో కనుక్కోవచ్చా?
– ఒక తండ్రి, ఫ్రీమాంట్

జవాబు: నేనూ ఆ ‘ఏపాటి’ జాబితాలోనే ఉన్నాను కాబట్టి కాస్త రోషంగానే జవాబిస్తాను, ఏమీ అనుకోకండి.

సెంటర్‌లో మీవాడు డబ్బు కట్టడు కానీ, మాకు జీతం వస్తుంది. చేరగానే తీసుకెళ్లి బల్ల ముందు కూర్చోబెట్టరు. శిక్షణ ఉంటుంది. ఈ దేశంలో చాలా కాలేజీలు పాటించే సీఆర్‌ఎల్‌ఏ (కాలేజ్ రీడింగ్ అండ్ లెర్నింగ్ అసోసియేషన్) సర్టిఫికెట్ ఉంది. దాని మొదటి మెట్టుకే పది గంటల శిక్షణ, 25 గంటలు ట్యూటరింగ్ చేసిన అనుభవం కావాలి. ఆ శిక్షణలో నాకు బాగా కష్టమైన పాఠం ఒకటే: పెన్సిల్ ముట్టుకోకూడదు.

నవ్వకండి. గుంటూరులో నేను బోర్డు ఈ చివర్నుంచి ఆ చివరికి నింపేదాన్ని, పిల్లలు ఎక్కించుకునేవాళ్లు. ఇక్కడ చేరిన మొదటి వారం ఒకమ్మాయికి లెక్క అర్థం కాలేదంటే పెన్సిల్ లాక్కుని నాలుగు లైన్లలో చేసి చూపించాను. అమ్మాయి ‘థాంక్యూ’ అని వెళ్లిపోయింది. మా సూపర్‌వైజర్ పక్కకి పిలిచి, ‘లెక్క మీకు వచ్చని మాకు తెలుసు. ఆ అమ్మాయికి వచ్చిందా?’ అని అడిగింది. ఆ రోజు ఇంటికెళ్లి మావారి మీద విసుక్కున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు.

ఈ పద్ధతి వల్ల ఏమవుతుందో చెప్తాను. ఒకబ్బాయి ఇలాగే మిడ్‌టర్మ్ కాగితం పట్టుకొచ్చి, ‘ఆంటీ, నాకు లిమిట్స్ రావు’ అన్నాడు. సరే, నా ముందు ఒకటి చెయ్యమన్నాను. లిమిట్ బాగానే మొదలెట్టాడు. మూడో లైనులో పైన ‘ఎక్స్ ప్లస్ 3’, కింద ‘ఎక్స్’ వచ్చింది. చటుక్కున రెండు ఎక్స్‌లూ కొట్టేసి 3 అని రాశాడు. నేనేమీ అనలేదు. ఎక్స్ బదులు 2 వేసి చూడమన్నాను. పైన 5, కింద 2. రెండున్నర. ‘మరి నీ జవాబు?’ అన్నాను. మూడు. పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని ఆ కాగితం వంక ఎంతసేపు చూశాడో! వాడికి లిమిట్స్ వచ్చు, రానిది ఎనిమిదో తరగతి భిన్నాలు. మిడ్‌టర్మ్‌లో పోయిన మార్కుల్లో సగానికి పైగా అక్కడే పోయాయి. పెన్సిల్ నా చేతిలో ఉండి ఉంటే ఆ కొట్టివేత నాకు కనబడేదే కాదు.

ఇలాంటి ఖాళీలు ఇప్పుడు ఎక్కువ కనబడటానికి ఒక కారణం ఉంది. ఇదివరకు ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో చేరగానే ఒక పరీక్ష పెట్టి, తక్కువొస్తే కింది స్థాయి లెక్కల క్లాసుల్లో వేసేవాళ్లు. అక్కడ పడ్డవాళ్లలో చాలామంది పైకి రాకుండానే చదువు వదిలేసేవాళ్లు. 2017లో ఏబీ 705 అనే చట్టం వచ్చి, హైస్కూల్ మార్కులు చూసి యూనివర్సిటీకి పనికొచ్చే క్లాసుల్లోనే వెయ్యమంది. మంచి పనే. కాకపోతే పాత క్లాసుల్లో పూడాల్సిన ఖాళీలు ఇప్పుడు క్లాసుకు జతగా పెట్టే సపోర్ట్ గంటల్లోనో, మా బల్ల దగ్గరో పూడాలి. అందుకే మా దగ్గరికి రావడం వెనకబడ్డవాళ్ల పని అనుకోకండి. మా బల్లల దగ్గర బీ ప్లస్‌ను ఏ చేసుకుందామని వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు.

హైదరాబాద్ సారు సంగతి. ఆయన నాకంటే బాగా చెప్పవచ్చు, కాదనను. కానీ మీవాడి ప్రొఫెసర్ క్యాలిక్యులేటర్ రానిస్తారా, మెట్లు రాయకపోతే ఎన్ని మార్కులు కోస్తారు, వచ్చే క్విజ్ ఏ అధ్యాయం మీద, ఇవి ఆయనకు తెలియవు. మాకు తెలుస్తాయి, ఎందుకంటే ఆ ప్రొఫెసర్ ఆఫీసు మా పక్క వరండాలోనే. పైగా మీకు రాత్రి 8 అంటే ఆయనకు మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర, చలికాలం గడియారాలు మారాక తొమ్మిదిన్నర. పెట్టుకోదలిస్తే పెట్టుకోండి. ముందు మాత్రం మూడు వారాలు సెంటర్‌కి పంపి చూడండి. వచ్చేటప్పుడు ఆ 54 మార్కుల కాగితం తప్పకుండా తెచ్చుకోమనండి. పిల్లలు దాన్ని బ్యాగు అడుగున దాచేసి, పుస్తకంలోంచి కొత్త లెక్క అడుగుతారు. మాకు కావలసింది ఆ కాగితమే.

ఇక ఫోన్. చెయ్యకండి. చేసినా చెప్పం. 1974 నాటి ఫెర్పా అనే చట్టం ప్రకారం, పిల్లాడు కాలేజీలో అడుగుపెట్టిన రోజు నుంచి ఆ రికార్డుల మీద హక్కు వాడిదే. వయసు పదిహేడైనా, ఫీజు మీరు కట్టినా అంతే. వాడు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, వాడు మా దగ్గరికి వచ్చాడన్న మాట కూడా మా నోట రాదు. మన ఊళ్లో అయితే లెక్చరర్ బజార్లో కనబడినా ఆపి అడిగేవాళ్లం, నాకు తెలుసు. నన్నే ఎందరు ఆపారో! ఇక్కడ దారి ఒక్కటే, వాణ్నే అడగడం. ‘ఎన్నొచ్చాయి?’ అనకుండా ‘ఇవాళ ఎక్కడ ఆగిపోయావు?’ అని అడిగి చూడండి. మొదటి రెండు రోజులూ భుజాలెగరేస్తాడు.

ఒక్క మాట మిగిలింది. ఈ క్లాసు అసలు ఉంచుకోవాలా, వదిలెయ్యాలా అన్నది మాతో తేల్చుకునే విషయం కాదు, కౌన్సెలర్‌తో మాట్లాడాలి. గడువులోపు వదిలేస్తే గ్రేడ్ బదులు ‘డబ్ల్యూ’ (విత్‌డ్రా అయినట్టు గుర్తు) పడుతుంది. జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, తగ్గదు గానీ ఆ క్లాసును ఒకసారి ప్రయత్నించినట్టే లెక్క. యూసీలో డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు షరతులు తీరిస్తే సీటు ముందే ఖాయం చేసే ట్యాగ్ అనే ఒప్పందం ఇస్తాయి. దానికి దరఖాస్తు సెప్టెంబర్‌లోనే. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ ఆ జాబితాలో లేవు. ఇవన్నీ కౌన్సెలర్‌ని సెమిస్టర్ మొదట్లోనే కలిసి అడిగితే చెప్తారు, నవంబర్లో అడిగితే వాళ్ల దగ్గర పెద్ద క్యూ ఉంటుంది.

ప్రశ్న: అక్కా, నాకు 38 ఏళ్లు. జగిత్యాల దగ్గర పల్లె, పది దాకా తెలుగు మీడియం. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, నర్సింగ్ చదవాలని ఉంది. ముందు అనాటమీ పాసవ్వాలట. పుస్తకం తెరిస్తే భయమేస్తోంది. ట్యూటరింగ్ సెంటర్ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేశాను. లోపల అందరూ మా అమ్మాయి ఈడు వాళ్లే. నా ఇంగ్లీషు విని నవ్వుతారేమో?
– ఒక చెల్లెలు, శాక్రమెంటో

జవాబు: చెల్లెమ్మా, నవ్వరు. పొద్దున షిఫ్ట్ ముగించి యూనిఫాంతోనే వచ్చే డ్రైవర్లు, మనవడిని ఒళ్లో పెట్టుకుని ఆన్‌లైన్ సెషన్‌కి వచ్చే అమ్మమ్మలు మాకు అలవాటే. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. అవి ఉన్నదే మీలాంటివాళ్లను కూడా దృష్టిలో పెట్టుకుని.

అనాటమీ గురించి నేను లెక్కల మనిషిని, అయినా పక్క బల్ల మీద రోజూ చూస్తుంటాను. ఆ మాటలు మీకొక్కదానికే కొత్త అనుకుంటున్నారు కదా? మీ పక్కన కూర్చున్న, ఇక్కడే పుట్టిన పంతొమ్మిదేళ్ల పిల్లకీ కొత్తే. అవి గ్రీకు, లాటిన్ మాటలు. మణికట్టులో చిన్న ఎముకలు ఎనిమిదుంటాయి. స్కాఫాయిడ్ అంటే పడవలా ఉండేది, లూనేట్ అంటే చందమామలాంటిది, పిసిఫార్మ్ అంటే బఠాణీ గింజలాంటిది. మా సెంటర్‌కి వచ్చే ఒకావిడ చీటీలకు ఒకవైపు ఆ పేరు, వెనకవైపు తెలుగులో పడవ, చందమామ, బఠాణీ అని రాసుకుని బొమ్మ గీసుకుంది. ఆవిడ చీటీలు చూసి ట్యూటరే ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. తెలుగులో చదివిన మనిషి తెలుగులో గుర్తుపెట్టుకుంటే తప్పేముంది? పరీక్షలో రాసేటప్పుడు స్పెల్లింగ్ సరిగ్గా ఉంటే చాలు. దానికి మాత్రం రోజూ పది పేర్లు చూడకుండా రాయాలి, దగ్గరిదారి లేదు.

ఎముకల మోడళ్లు లైబ్రరీలో అక్కడే కూర్చుని చూసుకోవడానికి ఇస్తారేమో అడగండి, చాలా చోట్ల ఇస్తారు. మీ క్లాసుకి ఎస్‌ఐ ఉందేమో కూడా కనుక్కోండి. సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. 1973లో కాన్సస్ సిటీలోని మిస్సోరి యూనివర్సిటీలో మొదలైంది. మార్కులు తక్కువొచ్చే విద్యార్థుల్ని ఏరి పక్కన కూర్చోబెట్టకుండా, ఎక్కువమంది తప్పే క్లాసుల్ని ఏరడం దీని పద్ధతి. ఆ క్లాసు ఇదివరకే బాగా పాసైన విద్యార్థి ఒకరు మీతోపాటే మళ్లీ క్లాసులో కూర్చుని, తర్వాత విడిగా గుంపుగా చదివిస్తారు. గుమ్మం దాటడానికి మొహమాటమైతే దీంతో మొదలెట్టండి. అందరూ కలిసే ఉంటారు, మీరొక్కరే మాట్లాడే పని పడదు.

వ్యాసాలు రాయాల్సి వస్తే రైటింగ్ సెంటర్ వేరే ఉంటుంది. అక్కడ తప్పులు దిద్ది ఇవ్వరు, ముందే చెప్తున్నాను, లేకపోతే కోపమొస్తుంది. మీ కాగితం మీ చేతే పైకి చదివిస్తారు. చదువుతుంటే మీ నాలుకే ఎక్కడో ఒకచోట తట్టుకుంటుంది. దిద్దడం అక్కణ్నుంచి మొదలవుతుంది.

ఈసారి గుమ్మం దగ్గర ఆగకండి. లోపల ఒక కంప్యూటర్లో ఐడీ నంబర్ కొట్టాలి, అంతే. ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యరు.

ప్రశ్న: మేడమ్, నేను డల్లాస్ దగ్గర కమ్యూనిటీ కాలేజీలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుతున్నా. లెక్కల్లో ఏ గ్రేడ్. తెలిసినవాళ్ల పిల్లలకు వాళ్లింటికెళ్లి చెప్పమంటున్నారు, గంటకి ఇంతని క్యాష్ ఇస్తారట. చెప్పొచ్చా?
– ఒక విద్యార్థి

జవాబు: వద్దు తమ్ముడూ. ‘తెలిసినవాళ్లే కదా, క్యాషే కదా’ అన్నది ఇమిగ్రేషన్ వాళ్ల ముందు చెల్లదు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట సంపాదిస్తే నీ స్టేటస్‌కే ముప్పు. అదే పని నీ కాలేజీ ట్యూటరింగ్ సెంటర్‌లో చెయ్యి. క్యాంపస్ ఉద్యోగం కాబట్టి క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు ఎఫ్-1 వాళ్లు చేసుకోవచ్చు. చేరేముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో మాట్లాడు, సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి కాగితాలు వాళ్లే ఇస్తారు. సాధారణంగా అడిగేవి రెండే: ఆ క్లాసులో మంచి గ్రేడ్, ఒక ప్రొఫెసర్ సిఫార్సు. రేపే ఆయన ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థుల్ని కలిసే వేళకి) వెళ్లు.

ప్రశ్న: మా చెల్లెలి కొడుకు అమెరికాలో ‘జూనియర్ కాలేజీ’లో చేరాడట. ఇంటర్ ఇక్కడే అయిపోయింది కదా, మళ్లీ ఇంటరా?
– ఒక పెద్దమ్మ, ఖమ్మం

జవాబు: కంగారుపడకండి. మనకు జూనియర్ కాలేజీ అంటే ఇంటర్. అక్కడ అది కమ్యూనిటీ కాలేజీకి పాత పేరు. 1901లో ఇల్లినాయ్‌లోని జోలియెట్‌లో మొదలైన, ఈ తరహా మొదటి ప్రభుత్వ కాలేజీ పేరులో ఇప్పటికీ జూనియర్ అనే ఉంది. మన లెక్కలో అబ్బాయి డిగ్రీ మొదటి రెండేళ్లు చదువుతున్నట్టు. చుట్టాలకు అలాగే చెప్పండి.

ప్రశ్న: ఆంటీ, చాట్‌జీపీటీ అర్ధరాత్రి రెండింటికి కూడా లెక్క చేసి పెడుతుంది. ఇంక మీ సెంటర్ ఎందుకు?
– ఒక కొంటె పాఠకుడు, శాన్ హోసే

జవాబు: నిజమే, ఆ టైముకి నేను నిద్రపోతుంటాను. నేనూ అడిగి చూశాను, బాగానే చేస్తుంది. కాకపోతే అది చేసిన లెక్క తెచ్చి నాకు చూపించినవాళ్లను ‘ఈ మూడో లైను ఎందుకొచ్చింది?’ అని అడిగితే నా మొహం, పైకప్పు మార్చిమార్చి చూస్తారు. పరీక్ష హాల్లో అది పక్కన కూర్చోదు కదా. నీకు నచ్చితే అడుగు, కానీ జవాబు చెప్పొద్దని, నువ్వెక్కడ తప్పావో మాత్రమే చెప్పమని అడుగు. ఆ తర్వాత ఆ కాగితం తీసుకుని మా దగ్గరికి రా. మంగళ, బుధవారాల మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటాం. ఫైనల్స్ ముందు వారం మాత్రం రావద్దు, కుర్చీలు దొరక్క పిల్లలు కిందే కూర్చుంటారు.